స్పిన్ సర్వ్: ఇంట్లో తిరుగుతున్న బంతి ఆటలో ఎందుకు పనిచేయడం లేదు?

గడియారం సెంటర్, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నా వయసు ముప్పై ఎనిమిది. నల్లగొండలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను. రోజూ గంటసేపు నడవమని రెండేళ్ల క్రితం డాక్టరు చెబితే, నడక మీద మనసు నిలవక మా ఉద్యోగుల క్లబ్బులో ఒక మూలన ఉన్న టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గరకు చేరాను. ఇప్పుడు ర్యాలీ ఆడగలను, బంతిని కింద నుంచి మెల్లగా నెట్టే పుష్ చేయగలను, ఎత్తుగా వచ్చిన బంతిని కొట్టగలను. సర్వ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా బండి కదలడం లేదు.

మూడు నెలలుగా వీడియోలు చూసి, చేతిని లోలకంలా ఊపి వేసే పెండ్యులం సర్వ్ సాధన చేస్తున్నాను. నాది కుడిచేయి, కరచాలనం చేసినట్టు బ్యాట్ పట్టుకునే షేక్‌హ్యాండ్ పట్టు. ఇంట్లో గచ్చు మీద నిలబడి వేస్తే బంతి ముందుకు వెళ్లి, ఆగి, మళ్లీ నా కాళ్ల దగ్గరకే దొర్లుకుంటూ వస్తుంది. మా పిల్లలు అది చూసి చప్పట్లు కొడతారు. అదే సర్వ్ క్లబ్బులో వేస్తే పదింటిలో మూడు నెట్‌కు తగులుతున్నాయి, దాటినవి పొడవుగా, ఎత్తుగా వెళ్లి ఎదుటివారి చేతికి తేరగా అందుతున్నాయి. బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరగడం), సైడ్‌స్పిన్ (పక్కకు తిరగడం) రెండింటినీ ఒకే కదలికతో వేసి ఎదుటివారిని మోసగించాలని వీడియోల్లో చెబుతారు గాని, నా విషయంలో ఎదుటివారు మోసపోవడం అటుంచి, ఏది పడిందో నాకే తెలియడం లేదు.

మా క్లబ్బులో ఒకటే బల్ల ఉంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు ఎనిమిది మందిమి ఆడతాం, ఓడినవారు పక్కకు జరగాలి. ఆ వేళలో సర్వ్ సాధన చేస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. ఇన్ని ఇబ్బందుల మధ్య ఎన్ని రకాల సర్వ్‌లు నేర్చుకోవాలి, ఏ క్రమంలో నేర్చుకోవాలి? రెండేళ్ల క్రితం దుకాణంలో కొన్న రెడీమేడ్ బ్యాట్ మార్చాలా? మరో సంగతి కూడా ఉంది. మా క్లబ్బులో ఒక పెద్దాయన నా టాస్ (సర్వ్ కోసం బంతిని పైకి వేసే తీరు) ఫౌల్ అంటున్నారు, మిగతావారు "మన ఆటకు అవన్నీ ఎందుకు సార్" అంటున్నారు. ఎవరి మాట వినాలి?


పాలమూరు పాత బ్యాట్, మహబూబ్‌నగర్:

గడియారం సెంటర్ గారికి నమస్కారం. చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకుండా మిగతావి నేర్చుకుంటే మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది. పెద్దాయన మాటే వినండి. బంతి తెరిచిన అరచేతిలో కదలకుండా ఉండాలి, దాన్ని దాదాపు నిట్టనిలువుగా, చేతితో ఎలాంటి స్పిన్ ఇవ్వకుండా, కనీసం 16 సెంటీమీటర్లు పైకి లేచేలా వేయాలి, అది కిందికి దిగుతున్నప్పుడే కొట్టాలి. మొదటి నుంచి చివరి వరకు బంతి బల్ల ఉపరితలం కన్నా పైన, మన వైపు అంచుకు వెనక ఉండాలి. నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు కాబట్టి, మీ టాస్ నెట్ ఎత్తుకు కాస్త మించి లేస్తోందా లేదా అని చూసుకుంటే కొలబద్ద అవసరం లేదు. టాస్ వేసిన వెంటనే ఆ చేతిని బంతికీ నెట్‌కూ మధ్య నుంచి తప్పించాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఈ విషయంలో దెబ్బతిన్నవాణ్ణి. నేను ఆట మొదలుపెట్టిన 1980లలో ఎడమచేతిని అడ్డుపెట్టి, భుజం వెనక బంతిని దాచి సర్వ్ చేయడం మాకు గొప్ప విద్య. 2002లో ఆ దాపరికాన్ని నిబంధనల్లో నిషేధించారు. నా సర్వ్‌లో సగం బలం బంతిలో లేదని, దాచడంలోనే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దొంగ టాస్‌తో వచ్చే స్పిన్ కూడా అలాంటిదే. వేళ్లతో బంతిని ముందే తిప్పి వేసే సర్వ్‌లు 1930ల చివరలోనే నిషేధానికి గురయ్యాయంటే, ఈ ఆశ ఎంత పాతదో చూడండి.

ఇక ఎన్ని సర్వ్‌లు అన్న ప్రశ్న. నా అభిప్రాయంలో మీకు ఒక్క సర్వ్ చాలు, కాని అందులో రెండు బంతులు ఉండాలి: ఒకటి బాగా కట్, అంటే బ్యాక్‌స్పిన్, ఉన్నది, రెండోది అదే కదలికతో వేసినా ఏమీ లేనిది. రెండో దాన్ని మేము ఖాళీ బంతి అనేవాళ్లం. కట్ బంతి ఎదుటివాడి బ్యాట్‌కు తగిలితే కిందికి జారి నెట్‌లో పడుతుంది కనుక, అతడు బ్యాట్ ముఖాన్ని పైకి తెరిచి కింద నుంచి ఎత్తడం నేర్చుకుంటాడు. అలా తెరిచి ఉన్న బ్యాట్‌కు ఖాళీ బంతి తగిలితే అది గాలిలో తేలుతూ మీ ముందుకు వస్తుంది, మీరు మూడో బంతిని (మీ సర్వ్, ఎదుటివాడి జవాబు తరువాత మీకు వచ్చే దెబ్బను) కొట్టుకోవచ్చు. చాలామంది ఖాళీ బంతిని చులకనగా చూస్తారు. ఎదుటివాడి చేతిలో కట్ భయం పుట్టించిన తరువాత అంతకు మించిన ఆయుధం లేదని నేను ఇప్పటికీ అంటాను.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. మా రోజుల్లో గేమ్‌కు 21 పాయింట్లు, ఒక్కొక్కరికి వరుసగా ఐదేసి సర్వ్‌లు ఉండేవి. మూడు కట్ బంతులు వేసి చేతికి అలవాటు చేసి, నాలుగోది ఖాళీగా విడిచేవాళ్లం. 2001 నుంచి గేమ్ 11 పాయింట్లకు, వరుస సర్వ్‌లు రెండుకు వచ్చాయి, 10–10 అయ్యాక ఒక్కొక్కటే. అందువల్ల ఇప్పుడు వల ఒకే విడతలో పన్నలేం. ఈ రెండు సర్వ్‌లలో చూపించినదాన్ని ఎదుటివాడు తన రెండు సర్వ్‌లు చేసి వచ్చేవరకు గుర్తుంచుకుంటాడా లేదా అని కూడా మీరు లెక్క వేసుకోవాలి. బంతి కూడా మారింది. మేము ఆడిన 38 మిల్లీమీటర్ల బంతి స్థానంలో 2000లో 40 మిల్లీమీటర్ల బంతి వచ్చినప్పుడు, అదే చేతికి అదే స్పిన్ రాలేదు. పాతకాలపు వాళ్లం "మేమైతే ఇలా తిప్పేవాళ్లం" అని గొప్పలు చెబితే ఈ రెండు మిల్లీమీటర్లు తీసివేసి వినండి.


బొంగరం మాస్టారు, సూర్యాపేట:

నేను పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను, సాయంత్రం మీలాగే ఆడతాను. పాత బ్యాట్ గారు ఏం వేయాలో చెప్పారు కాబట్టి, గచ్చు మీద వచ్చినది బల్ల మీద ఎందుకు రావడం లేదన్న ముక్క నేను విప్పడానికి ప్రయత్నిస్తాను. ఈ ప్రశ్నలో అసలు ముడి అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

బొంగరానికి తాడు చుట్టి లాగినప్పుడు తాడు బొంగరం అంచును పట్టుకుని లాగుతుందే తప్ప దాన్ని ఎదురుగా నెట్టదు. బంతికి స్పిన్ పెట్టడం కూడా ఇంతే. బ్యాట్ కదలికలో బంతి కేంద్రం వైపు వెళ్లే భాగం బంతిని ముందుకు నెడుతుంది, బంతి చర్మాన్ని ఒరుసుకుంటూ వెళ్లే భాగం దాన్ని తిప్పుతుంది. బంతి బరువు 2.7 గ్రాములే కాబట్టి, దానికి కావలసింది బలం కాదు, రబ్బరు దాన్ని పట్టుకున్న ఆ క్షణంలో బ్యాట్‌కు ఉన్న వేగం. బ్యాట్‌లో అన్నిటికన్నా వేగంగా కదిలేది మణికట్టుకు దూరంగా ఉన్న కొన. కట్ బంతిని కొన దగ్గర, బంతి అడుగుభాగాన్ని ఒరుసుకునేలా తగిలించాలి. ఖాళీ బంతిని అదే ఊపులో, పిడికి దగ్గరగా, కొంచెం నిండుగా తగిలించాలి. చూసేవారికి చేయి ఒకేలా కనిపిస్తుంది, తగిలిన చోటు మాత్రం నాలుగు వేళ్ల దూరం మారుతుంది.

మణికట్టు స్వేచ్ఛగా ఆడాలంటే పట్టు మార్చుకోవాలి. బ్యాట్ పలకను బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని, మిగతా మూడు వేళ్లను పిడి మీద నుంచి సడలించండి. పిడిని గుప్పిటలో బిగించి పెండ్యులం సర్వ్ వేయడమంటే మోచేతితో వేయడమే. సరిగా తగిలిందో లేదో చెవికి తెలుస్తుంది. చెక్క "టక్" మని పలికితే నిండుగా తగిలిందని, రబ్బరు మీద జారినట్టు మెత్తని చప్పుడు వస్తే ఒరుసుకుందని గ్రహించండి. నేను మా పిల్లలకు కళ్లు మూసుకుని పక్కవాడి సర్వ్ చప్పుడు వినమని చెబుతుంటాను.

ఇప్పుడు మీ గచ్చు సంగతి. గచ్చు మీద సర్వ్ చేసినప్పుడు బంతి మీ నడుము ఎత్తు నుంచి కిందికి పడుతుంది, దాని దారిలో నెట్ లేదు, అవతలి సగంలో పడాలన్న షరతు లేదు. అందువల్ల ముందుకు వెళ్లే వేగం ఏమాత్రం లేకపోయినా, ఉన్న కొద్దిపాటి బ్యాక్‌స్పిన్‌తో అది వెనక్కి దొర్లుతుంది. బల్ల మీద పరిస్థితి వేరు. బ్యాక్‌స్పిన్ ఉన్న బంతి బల్లకు తగిలిన క్షణంలో రాపిడి దాని ముందు నడకను తగ్గిస్తుంది, కాబట్టి అది ముందుకు జారడం తగ్గి పైకి లేవడం ఎక్కువవుతుంది. ఆ నష్టం మన సగంలో ఒకసారి, అవతలి సగంలో మరొకసారి జరుగుతుంది. మీరు గచ్చు మీది ఊపునే బల్ల మీద వేస్తే బంతి నెట్ దాకా చేరదు. అది చూసి భయపడి బలం పెంచితే బంతి నిండుగా తగిలి స్పిన్ పోతుంది, ఎత్తు, పొడవు పెరుగుతాయి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే జబ్బువి.

దీనికి మందు తగిలే ఎత్తును తగ్గించడం. టాస్ ఎంత పైకి వెళ్లినా, బంతిని దాదాపు నెట్ ఎత్తుకు దిగనిచ్చి కొట్టండి. ఛాతీ ఎత్తున కొట్టిన బంతి ఆ ఎత్తు నుంచి పడిన బంతిలాగే పైకి లేస్తుంది. మన సగం పొడవు 1.37 మీటర్లు. పొట్టి సర్వ్‌కు మొదటి టప్పా ఆ సగం మధ్య నుంచి నెట్ వైపుగా పడాలి. మీ బంతులు పొడవుగా వెళ్తున్నాయంటే మీ మొదటి టప్పా మీ అంచుకు దగ్గరగా పడుతోందని ఇక్కడ కూర్చునే చెప్పగలను. పొట్టి సర్వ్ సరిగా పడిందనడానికి గుర్తు ఏమిటంటే, ఎవరూ తాకకుండా వదిలేస్తే అది అవతలి సగంలో రెండోసారి కూడా పడుతుంది. అలాంటి బంతికి బల్ల అంచు అడ్డు వస్తుంది కనుక ఎదుటివారు చేయి వెనక్కి తీసి కొట్టలేరు.

సైడ్‌స్పిన్ గురించి ఒక్క మాట. కుడిచేతివారి పెండ్యులం సర్వ్‌లో బ్యాట్ కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. ఆ బంతికి ఎదుటివారు బ్యాట్‌ను తిన్నగా అడ్డుపెడితే అది మీ ఎడమ వైపుకు పారిపోతుంది. అంటే మీ బ్యాట్ ఎటు కదిలిందో బంతి అటే వస్తుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎక్కడ నిలబడి మూడో బంతి కోసం ఎదురు చూడాలో తెలుస్తుంది, ఇతరుల సర్వ్ అందుకునేటప్పుడు వారి బ్యాట్ బయలుదేరిన వైపుకు గురి పెట్టాలన్న సంగతీ తెలుస్తుంది.

ఏ స్పిన్ పడిందో మీకే తెలియడం లేదన్నారు. ఒక బంతి చుట్టూ మార్కర్‌తో నడిమికి గీత గీయండి. బంతి ఏ అక్షం మీద తిరుగుతోందో గీత వంపులో కనిపిస్తుంది, ఖాళీ బంతి అయితే గీత దాదాపు గీతగానే కనబడుతుంది. రబ్బరు గురించి మాట వచ్చింది కనుక, ఇంత స్పిన్ రబ్బరు కింద ఉన్న స్పాంజి పుణ్యమని గుర్తు చేస్తాను. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో జపాన్‌కు చెందిన హిరోజి సాతో స్పాంజి బ్యాట్‌తో సింగిల్స్ గెలిచి ఆటనే మార్చివేశాడు. ఆ మార్పు మన దేశపు బల్లల మీదే మొదలైందని మా పిల్లలకు చెబితే నమ్మరు.


జడ్చర్ల పీఈటీ మేడం:

మాస్టారు చెప్పిన కారణాలన్నీ సరైనవే. నేను పిల్లలకు నేర్పే పద్ధతి చెబుతాను, ఒక విషయంలో పాత బ్యాట్ గారితో విభేదిస్తాను కూడా.

ముందు బ్యాట్, గది, బంతి. రెడీమేడ్ బ్యాట్ రబ్బరు రెండేళ్లకు గట్టిపడి జారుడుగా మారడం మామూలే. బంతిని రబ్బరు మీద అరచేతితో నొక్కి పక్కకు లాగి చూడండి. పట్టు లేకుండా జారిపోతే ఎంత సాధన చేసినా ఫలితం తక్కువ. అయితే కొత్తది కొనేముందు తడి స్పాంజితో తుడిచి, ఆరనిచ్చి, మరోసారి చూడండి. మన ప్రాంతపు దుమ్ముకు వారం రోజులు తుడవకపోతే మంచి రబ్బరు కూడా చచ్చిన రబ్బరులా ప్రవర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చెమట దీనికి తోడవుతుంది. చెమట అంటిన బంతి ఎంత ఒరిసినా తిరగదు, కాబట్టి బంతినీ అరచేతినీ తువ్వాలుతో తుడుచుకునే అలవాటు చేసుకోండి. బల్ల పైన ఫ్యాన్ తిరుగుతుంటే టాస్ పక్కకు వంగుతుంది. అది మీ తప్పో, ఫ్యాన్ తప్పో తెలియని స్థితిలో సాధన చేయకండి. పది నిమిషాలు ఉక్క భరించి ఫ్యాన్ ఆపండి.

బల్ల దొరకదన్నారు. అందరికన్నా ఇరవై నిమిషాలు ముందు వెళ్లండి, సర్వ్ సాధనకు తోడు అవసరం లేదు. అదీ కుదరకపోతే ఇంట్లో భోజనాల బల్ల చాలు, ఎందుకంటే చాలా ఇళ్లలో దాని ఎత్తు ఆట బల్ల ఎత్తు అయిన 76 సెంటీమీటర్లకు దగ్గరగానే ఉంటుంది. పిల్లల కంపాస్ బాక్సులో ఉండే 15 సెంటీమీటర్ల స్కేలును నిలబెట్టి కొలిచి, అంత ఎత్తున అడ్డంగా తాడు కట్టుకుంటే నెట్ సిద్ధం. పొడవు సరిపోకపోయినా టాస్, తగిలే ఎత్తు, కొనతో ఒరుసుకోవడం ఈ మూడూ అక్కడ కుదురుతాయి. గచ్చు మీద సాధన ఇక మానేయమని నా సలహా. పిల్లల చప్పట్లు మీకు తప్పుడు మార్కులు వేస్తున్నాయి.

అసలు బల్ల దొరికినప్పుడు నెట్‌కు పైన జానెడు ఎత్తులో, రెండు వైపులా ఏదైనా ఆధారానికి ఒక దారం కట్టండి. సర్వ్ నెట్‌కూ దారానికీ మధ్య నుంచి వెళ్లాలి. అవతలి సగంలో ఒక కాగితం పెట్టి, దాని మీద పడేలా గురి చూడండి. బుట్టెడు బంతులు ముందు పెట్టుకుని గబగబా వంద వేసే పద్ధతి నాకు నచ్చదు, ఇరవై దాటాక చేయి వేస్తుంది గాని మనసు వేయదు. పది వేసి ఆగండి. ప్రతి బంతి వేసే ముందు "కట్" అనో, "ఖాళీ" అనో పైకి చెప్పి వేసి, గీత ఉన్న బంతి ఏం చేసిందో చూసి, చెప్పినది పడిందో లేదో ఒప్పుకోండి. పైకి చెప్పడానికి సిగ్గుపడతారు గాని, చెప్పకుండా వేస్తే వచ్చినదాన్నే అనుకున్నదని మనసు సర్దిచెప్పుకుంటుంది.

నేను విభేదించేది ఇక్కడ. పొట్టి సర్వ్ ఒక్కటే ఉంటే నాలుగు రోజుల్లో మీ క్లబ్బులో వారంతా బల్లకు ఆనుకుని నిలబడి, మీ బంతి పడీపడకముందే అందుకుంటారు. వారిని వెనక్కి జరపడానికి అదే టాస్‌తో వేసే పొడవైన వేగవంతమైన సర్వ్ ఒకటి తప్పనిసరి. దానికి మొదటి టప్పా మీ అంచుకు దగ్గరగా పడాలి, బంతి అవతలి అంచు దగ్గర దిగాలి. మాస్టారు చెప్పిన మీ పొరపాటే ఇక్కడ పనికొస్తుంది, కాకపోతే కావాలని చేయాలి. పదిసార్లలో రెండుసార్లు వేసినా చాలు, ఉందన్న భయం ఎదుటివారిలో ఉండాలి. టోమాహాక్, రివర్స్ పెండ్యులం లాంటి వేరే రకం సర్వ్‌లను మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.

డబుల్స్ కూడా ఆడేట్టయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. డబుల్స్‌లో సర్వ్ మన కుడి సగం నుంచి ఎదుటివారి కుడి సగంలోకి ఐమూలగానే పడాలి. దిశలో దాచుకోవడానికి ఏమీ ఉండదు కనుక కట్, ఖాళీ తేడానే మిగిలిన ఆధారం. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఆ స్థాయి ఆటను చూసేటప్పుడు బంతిని వదిలేసి, సర్వ్ చేసేవారి టాస్‌నూ, తగిలే క్షణంలో బ్యాట్‌నూ చూడండి. తగిలిన తరువాత చేయి చేసే హంగామా ఎదుటివారి కోసం, దాన్ని నేర్చుకోనవసరం లేదు.


గడియారం సెంటర్, నల్లగొండ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇరవై ఐదు రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే ముందే రాస్తే ఉత్సాహం తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మా అబ్బాయితో ఫోన్‌లో వీడియో తీయించి చూసుకున్నాను. నా టాస్ బెత్తెడు కూడా లేవడం లేదు, పైగా వేళ్ల చివర నుంచి వెళ్తోంది. క్లబ్బులో పెద్దాయనకు ఆ వీడియో చూపించి తప్పు ఒప్పుకున్నాను. ఆయన అప్పటి నుంచి తానే ఇరవై నిమిషాలు ముందు వచ్చి నా సర్వ్‌లు అందుకుంటున్నారు. టాస్ సరిచేసిన మొదటి వారం ఉన్న సర్వ్ కూడా పోయింది. పడుతున్న బంతికి సమయం కుదరక కొన్నిసార్లు గాలిని కొట్టాను.

బంతి మీద గీత గీసి చూడడం వల్ల మరో నిజం బయటపడింది. నేను సైడ్‌స్పిన్ అనుకుంటున్నది, బ్యాక్‌స్పిన్ అనుకుంటున్నది రెండూ ఒకటే: కొంచెం పక్కకు, కొంచెం వెనక్కి తిరిగే నీరసమైన బంతి. ఇప్పుడు మూడు వేళ్లు సడలించి కొనతో వేస్తే గీత కలిసిపోయి కనిపిస్తోంది. దారం కింద నుంచి పదికి ఆరో ఏడో వెళ్తున్నాయి. ఖాళీ బంతి మాత్రం ఇంకా చేతిలో దాగడం లేదు, దాన్ని వేసే ముందు నా ముఖం మారుతోందని పెద్దాయన నవ్వుతున్నారు. బ్యాట్ తుడిచి చూశాను, బంతి జారిపోతూనే ఉంది. జీతం పడ్డాక మారుస్తాను.

ఒక కొత్త చిక్కు వచ్చింది. మా క్లబ్బులో ఒకాయన బ్యాక్‌హ్యాండ్ వైపు పొడవు బుడిపెల రబ్బరు వాడతారు. మిగతావారికి ఇబ్బంది కలిగిస్తున్న నా కట్ సర్వ్, ఆయనకు వేస్తే తిరిగి వచ్చి నన్నే ఇబ్బంది పెడుతోంది. కట్ ఎంత పెంచితే నేను అంత ఎక్కువగా నెట్ అవతల బయటకు కొడుతున్నాను. ఏం చేయాలి?


లాంగ్ పింపుల్స్, మిర్యాలగూడ:

ఆ రబ్బరు వాడే బాపతు వాణ్ణే కాబట్టి ఇంటి గుట్టు చెబుతున్నాను. పొడవు బుడిపెలు మీ బంతి చర్మాన్ని పట్టుకోవు, వంగి జారిపోతాయి. అందువల్ల మీరు పెట్టిన స్పిన్ చాలావరకు అలాగే తిరుగుతూ వెనక్కి వస్తుంది. మీ వైపు నుంచి చూస్తే బ్యాక్‌స్పిన్‌గా వెళ్లిన బంతి టాప్‌స్పిన్‌లా, అంటే ముందుకు దొర్లుతూ, తిరిగి వస్తుందన్నమాట. ఆయన పుష్ చేసినట్టు కనిపిస్తారు, మీరు అది కట్ బంతి అనుకుని బ్యాట్ తెరిచి ఎత్తుతారు, బంతి బల్ల దాటిపోతుంది. ఆయన మీకు ఇస్తున్నది మీ సొమ్మే.

కనుక ఆయనకు కట్ తగ్గించి ఖాళీ బంతి వేయండి. స్పిన్ లేని బంతితో మా రబ్బరుకు పెద్దగా చేయడానికి ఏమీ ఉండదు, నిస్తేజంగా తిరిగి వచ్చిన దాన్ని మీరు ధైర్యంగా కొట్టవచ్చు. ఖాళీ బంతి వేసేటప్పుడు మీ ముఖం మారినా ఆయన విషయంలో నష్టం లేదు. కట్ బంతి వేయాలనుకుంటే బుడిపెలు లేని ఫోర్‌హ్యాండ్ వైపుకు వేయండి. నిబంధనల ప్రకారం బ్యాట్‌కు ఒక వైపు నలుపు, రెండో వైపు మరో స్పష్టమైన రంగు ఉండాలి, ఆట మొదలయ్యే ముందు ఎదుటివారి బ్యాట్‌ను చేతిలోకి తీసుకుని చూసే హక్కు కూడా మీకు ఉంది. ఏ రంగు వైపు బుడిపెలు ఉన్నాయో అప్పుడే గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మాలో కొందరం ర్యాలీ మధ్యలో బ్యాట్ తిప్పేస్తాం.